పట్టుగుడ్డలోంచి ఒక ప్రశ్న

డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్ళు జంతుశాస్త్రం చెప్పాను. పొరిఫెరా పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మీద స్పాంజి బొమ్మ వేసి, ఒంటి నిండా ఉన్న రంధ్రాల్లోంచి నీళ్ళు లోపలికి, పైనున్న ఆస్కులంలోంచి బయటికి అని బాణాలు గీసేదాన్ని. ఆ తర్వాత విల్సన్ ప్రయోగం. 1907లో ఆయన బతికున్న స్పాంజిని సన్నటి పట్టుగుడ్డలోంచి పిండాడు. కణాలు విడివిడిగా సముద్రపు నీళ్ళలో పడ్డాయి. కాసేపటికి అవి పాక్కుంటూ ఒకదాన్నొకటి చేరి ముద్దలు కట్టాయి. కొన్నాళ్ళకు ఆ ముద్దలే మళ్ళీ స్పాంజిలయ్యాయి.

ఒక ఏడు వెనక బెంచీలో అమ్మాయి లేచి అడిగింది: "మేడమ్, అది పాత స్పాంజేనా, కొత్తదా? గుడ్డలో ఉన్నప్పుడు బతికున్నట్టా, చచ్చినట్టా?"

సిలబస్‌లో లేదమ్మా, కూర్చో అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మావారు పోయాక ఆ ప్రశ్న నన్నే వెతుక్కుంటూ వచ్చింది. తద్దినం నాడు మా అబ్బాయి పిండం పెడుతుంటే, ఇది ఎవరికి అందుతోంది అనుకున్నాను. పెళ్ళినాటి చర్మం, పెళ్ళినాటి నెత్తురు ఆయన ఉండగానే ఎప్పుడో మారిపోయాయి. మరి నలభై ఏళ్ళు నేను ఎవరితో కాపురం చేసినట్టు?

నిరుడు మా అమ్మాయి ఫ్లోరిడాలోని కీ లార్గోలో నన్ను అద్దాల అడుగున్న పడవ ఎక్కించింది. కింద పగడపు దిబ్బ మీద గోధుమరంగు గాబుల్లా నిలబడి ఉన్నాయి పీపా స్పాంజిలు. పుస్తకంలో చూసిన జెస్టోస్పాంజియా మ్యూటా. కరీబియన్‌లోని కురసావ్ దీవి దగ్గర జబ్బుతో చనిపోయిన ఒకదాని వయసు 2300 ఏళ్ళు పైబడి ఉంటుందని అంచనా కట్టారు. మన అమరావతి శిల్పాలు చెక్కే రోజులకే అది నీళ్ళు తోడుతోందన్నమాట. దానికి గుండె లేదు, మెదడు లేదు, ఒక్క నరమైనా లేదు. లోపలి కాలర్ కణాలు కశాభాలు ఆడిస్తూనే ఉంటాయి, నీళ్ళు కదులుతూనే ఉంటాయి.

ఆ కురసావ్ తీరంలోనే హాలిసార్కా అనే మరో స్పాంజిని పరిశీలించి, 2013లో శాస్త్రవేత్తలు ఒక సంగతి ప్రకటించారు. పగడాలూ ఆల్గేలూ విడిచే సేంద్రియ పదార్థం నీళ్ళలో కరిగిపోయి ఉంటుంది. దిబ్బ మీది జంతువుల్లో చాలావాటికి అది నోటికందదు. స్పాంజి దాన్ని పీల్చుకుంటుంది. అంత తిన్నా ఒళ్ళు పెద్దగా పెరగదు. దాని కాలర్ కణాలు ఐదారు గంటలకే రెండవుతాయి, పాతవి రాలిపోతాయి. ఆ రాలినదాన్ని అడుగున తిరిగే చిన్న ప్రాణులు తింటాయి. పోషకాలు అంతంతమాత్రమైన ఆ నీళ్ళలో ఇన్ని ప్రాణులు ఎలా బతుకుతున్నాయన్న ప్రశ్నకు దొరికిన జవాబుల్లో ఇదొకటి.

స్పాంజికి దానమంటే తెలియదు. దానికి పుణ్యం అంటగట్టను. కానీ పడవలో ఉండగా ఉపనిషత్తులోని భృగువల్లి గుర్తొచ్చింది. భృగువు తపస్సు చేసి మొదట తెలుసుకున్నది అన్నమే బ్రహ్మమని. తండ్రి వరుణుడు అది తప్పనలేదు, ఇంకా తపస్సు చెయ్యమన్నాడు. ప్రాణం, మనస్సు, విజ్ఞానం, ఆనందం అని భృగువు పైకి వెళ్ళాడు. నాకు ఆ మొదటి మెట్టు మీదే ఇంకా పని ఉంది. తినేదీ తినబడేదీ ఒకటే ఒంట్లో ఉండటం అక్కడ, అద్దం కింద, కళ్ళారా చూశాను.

మావారు స్కూలు మాస్టారు. ఏటా ఉగాది నుంచి మృగశిర కార్తె దాకా వీధి అరుగు మీద చలివేంద్రం పెట్టేవారు. ఏటా కొత్త కుండలే కొనేవారు. పాత కుండకు సన్న రంధ్రాలు పూడుకుపోతాయి, చెమ్మ బయటికి రాదు, నీళ్ళు చల్లబడవు అనేవారు. కుండలు మారేవి, పొద్దున పోసిన నీళ్ళు మధ్యాహ్నానికి ఉండేవి కావు. చలివేంద్రం మాత్రం అదే.

ఆయన పోయిన వేసవిలో అరుగు ఖాళీగా ఉంది. మరుసటి ఉగాదికి ఎదురింటి కుర్రాడు కుండలు తెచ్చాడు. ఆటో స్టాండు వాళ్ళు పందిరి వేశారు. నేను నీళ్ళు పోశాను. ఎవరినీ ఎవరూ పిలవలేదు. దారినపోయేవాళ్ళు ఇప్పటికీ మాస్టారి చలివేంద్రం అనే అంటారు.

ఆ అమ్మాయి ఇప్పుడు ఎక్కడుందో తెలియదు. కనిపిస్తే కూర్చోబెట్టి చెబుతాను: గుడ్డలో ఉన్నంతసేపూ ప్రవాహం ఆగిందమ్మా. కానీ ఒకదాన్నొకటి వెతుక్కోవడం ఆ కణాలు మరిచిపోలేదు. మళ్ళీ నీళ్ళు కదిలిన క్షణాన అది పాత స్పాంజే.