కొంగుకి జానెడు పైన

మా బండారులంకలో నేతగాడు కాళ్లు మగ్గం గుంటలోకి దించి నేలమీదే కూర్చుంటాడు. లంకభూమి కదా, నాలుగు రోజులు ముసురు పడితే గుంటలో నీళ్లు ఊరతాయి. పడుగు చెమ్మెక్కి పోగులు తెగుతాయి. ఇది నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. తెలిసే చేశాను.

1996 నవంబరు 6 తుపాను వెళ్లి నెల తిరగలేదు. నాన్నకి ఒంట్లో బాగోక లెక్కల పుస్తకం నేనే చూస్తున్నాను. మాస్టర్ వీవర్ కొడుకుని మరి! మా దగ్గర మజూరీకి నేసే బాబాయ్ తెచ్చిన చీరని వెలుతురుకి ఎత్తి పట్టాను. కొంగుకి జానెడు పైన అడ్డంగా సన్నటి గీత. మగ్గం ఆగి మళ్లీ ఎత్తుకున్నచోట పేక పల్చబడి పడే గీత అది. ఎందుకాగిందని అడగలేదు. మజూరీలో 30 రూపాయలు కోశాను.

"ఆయ్, అలాగేనండి," అన్నాడు.

ఎవరికైనా ఒకటే లెక్క అన్నది మా ఇంటి పద్ధతి. దాన్నే న్యాయం అనుకున్నాను. ఆ చీర మామూలు ధరకే అమ్ముడుపోయిందని వారంలోనే తెలిసింది. పుస్తకం దిద్దలేదు. సంక్రాంతికి మాత్రం బాబాయ్ చేతిలో 50 పెట్టాను. పిన్ని దండం పెట్టింది. ఆ రోజంతా నా మీద నాకే ముచ్చటేసింది. అందులో 30 వాళ్లవేనన్న సంగతి తట్టడానికి చాలా ఏళ్లు పట్టింది.

భాగవతంలో ద్రౌపది అశ్వత్థామని వదిలెయ్యమంటుంది. నిద్రలో తన అయిదుగురు కొడుకుల్నీ చంపినవాణ్ని! ఆవిడకి ఆ హక్కుంది, పోయింది ఆవిడ బిడ్డలు. అర్జునుడూ ఊరికే వదల్లేదు, జుట్టు కోసి తలలోని మణి తీసుకుని పంపాడు. మరి నేను దయ చూపించడానికి నాకు పోయిందేమిటి?

2015 నుంచి ఏటా ఆగస్టు 7న చేనేత దినోత్సవం జరుపుతున్నారు. మాట్లాడమంటే నేతన్న కష్టం గురించి గొంతు జీరబోయేలా మాట్లాడతాను. చప్పట్లు కొడతారు. ఆ 30 సంగతి ఎన్నడూ ఎత్తలేదు.

నాన్న పోయాక అటక మీంచి పుస్తకాలు దించాను. ఆ పేజీలో కోత పక్కన నా దస్తూరీతో ఒకే మాట: గీత. వాన అని రాసుకోలేదు.

బాబాయ్ ఇప్పుడు లేడు. కొడుకు మగ్గం వదిలేసి హైదరాబాదు వెళ్లిపోయాడు. నిరుడు పండక్కొచ్చి సెంటర్లో కనిపిస్తే జేబులో చెయ్యి పెట్టాను. ఏమని ఇవ్వను? బాకీ అంటే కథంతా చెప్పాలి. పండక్కి ఉంచమంటే మళ్లీ ఆ 50 కథే.

ఖాళీ చెయ్యి బయటికి తీసి, టీ తాగుదామా అన్నాను.

"ఆయ్, పదండి," అన్నాడు, అచ్చం వాళ్ల నాన్నలాగే.