ముప్పై చెట్లు, ఒక్క తోట

అటవీ శాస్త్రం చదివే ఒక పిల్ల నౌపడ వచ్చింది. అక్కడి నుంచి భావనపాడు దాకా ఇసుక నేలల్లో సరుగుడు సగటున ఎంత లావుందో తేల్చాలి. ఎండ మండిపోతోంది. దారి పక్కనే ఒక తోట కనబడింది. నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున టేపు చుట్టి ముప్పై చెట్లు కొలిచేసింది. లెక్క వేస్తే ప్రామాణిక దోషం ఉందా లేదా అన్నంత తక్కువ. మురిసిపోయింది.

ఉప్పుమడి గట్టు మీద పనిచేసుకుంటున్న తాత పలకరించాడు. "ఏటమ్మా, పనైపోనాదా?"

"అయిపోయింది తాతా. ముప్పై చెట్లు కొలిచాను."

"అన్నీ ఆ తోటలోవేనా?"

"అవును."

తాత వంగి మడిలో వేలు ముంచి నాలిక్కి రాసుకున్నాడు. "ఇందులో ముప్పైసార్లు ముంచినా నాకు ఈ మడి సంగతే తెలస్తాది. పక్క మడి కూడా రమారమి ఇలాగే ఉంటాది. నీరు పెట్టే కాడ సూడాల, ఉప్పు తేలే కాడ సూడాల. ఎక్కడ మారతందో నడిసి సూడాల."

ఆ పిల్ల మర్నాడు మ్యాపు మీద గళ్ళు గీసి, చీటీలు తీసి, వచ్చిన గడికల్లా నడిచింది. ఒక చోట నిరుడు నాటిన పుల్లలు. ఒక చోట ఉప్పునీరెక్కి గిడసబారిన చెట్లు. ఇంకో చోట 2018 తిత్లీ తుఫాను నుంచి ఖాళీగా పడున్న దిబ్బ. సగటు పడిపోయింది, దోషం పెరిగింది. "అంత తిరిగి లెక్క పాడుచేసుకున్నావేంటే!" అని ఫోనులో స్నేహితురాలు నవ్వింది.

నీతి: ముచ్చటగా ఇమిడిన లెక్కను చూసి ముందు అనుమానపడాలి. ఒకే నారు, ఒకే ఇసుక, ఒకే రోజు నాటిన తోటలో ముప్పై చెట్లు ముప్పై సాక్ష్యాలు కావు. కలిపితే ఒకటికి కొంచెం ఎక్కువ, అంతే. దగ్గరివి ఒకదాన్నొకటి పోలి ఉంటాయని 1970లో వాల్డో టోబ్లర్ భూగోళ శాస్త్రానికి తొలి సూత్రంగా చెప్పాడు. ఆ పోలిక ఎంత దూరం దాకా సాగుతుందో పట్టుకోవడానికే వేరియోగ్రామ్ గీస్తారు. మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివి కలకత్తా వెళ్ళిన సి.ఆర్. రావు, 1945 నాటి వ్యాసంలో, చేతిలో ఉన్న సమాచారాన్ని మించిన కచ్చితత్వం నిష్పాక్షికమైన ఏ అంచనాకూ రాదని గణితంతోనే నిరూపించాడు. సాఫ్ట్‌వేర్ మాత్రం ఇవేమీ అడగదు, ముప్పై అంకెలిస్తే ముప్పైగానే లెక్కిస్తుంది. కుర్రాళ్ళకు ముందు సాఫ్ట్‌వేర్ నేర్పి తర్వాత నడక నేర్పడం నాకు నచ్చదు. అలాగని ఆ పిల్ల మొదటి రోజు కొలతలు పారేయనక్కర్లేదు. ఆ తోట కర్ర కొనే షావుకారుకు అవే కావాలి.