అడిగేవారి బాధ్యత: బావరి నుంచి ప్రాంప్ట్ దాకా

కృత్రిమ మేధకు ప్రాంప్ట్ రాయడం కంప్యూటర్ పనిలాగే కనిపిస్తుంది. కానీ అందులో ఒక పాత తాత్త్విక సమస్య ఉంది. మనసులోని ఉద్దేశం ఎంతవరకు మాటల్లోకి రావాలి? రాకుండా మిగిలిపోయినదానికి ఎవరు జవాబుదారీ? బౌద్ధ సాహిత్యంలో ఈ సమస్యను ముందుకు తెచ్చిన కథ ఒకటి తెలంగాణలోని గోదావరి తీరానిది.

సుత్తనిపాతంలోని పారాయణవగ్గం ప్రకారం బావరి అనే గురువు కోసల దేశం నుంచి దక్షిణాదికి వచ్చి, అశ్మక రాజ్యంలో గోదావరి ఒడ్డున ఆశ్రమం కట్టుకున్నాడు. అశ్మకుల రాజధాని పోతన నేటి బోధనేనని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. బావరి ఆశ్రమం పోచంపాడుకు దిగువన గోదావరి మధ్యనున్న బాదనకుర్తి దీవిలో ఉండేదని చెబుతారు. తల ఏడు ముక్కలవుతుందన్న శాపానికి కలతపడి, ఆయన 16 మంది శిష్యులను బుద్ధుడి దగ్గరకు పంపాడు. పంపుతూ వాళ్లకు ఒక పరీక్ష అప్పగించాడు. తన పుట్టుక, గోత్రం, దేహలక్షణాలు, వేదవిద్య, శిష్యుల సంఖ్య మనసులోనే అడగాలి. ఎదుటివాడు నిజంగా బుద్ధుడైతే నోటితో జవాబు చెబుతాడు. అజితుడు అలాగే అడిగాడు, జవాబు వచ్చింది. కానీ అసలు సందేహాల దగ్గరకు వచ్చేసరికి శిష్యులంతా నోరు తెరిచే అడిగారు. లోకాన్ని కప్పినదేమిటి, అది ఎందుకు ప్రకాశించదు, దానికి అంటుకున్నదేమిటి, దాని మహాభయం ఏది అని అజితుడు తన సందేహాన్ని నాలుగుగా విడదీశాడు. నాలుగింటికీ వరుసగా సమాధానం దొరికింది.

మనసులోని ప్రశ్నకు జవాబు చెప్పాలన్న బావరి పరీక్షలో కృత్రిమ మేధ యంత్రం నెగ్గలేదు. దాని ముందున్నవి మాటలే. ఒక పాఠాన్ని ఎవరి కోసం తిరగరాయాలో, ఏది వదలకూడదో రాయకపోతే అది ఊహించుకుంటుంది. ఆ ఊహ ఎంత చక్కని వాక్యాల్లో వచ్చినా ఊహే. అందుకే అజితుడిలా విడదీసి అడగడం ఇక్కడ మొదటి అవసరం.

ప్రశ్నలు నాలుగు రకాలని అంగుత్తరనికాయం చెబుతుంది: సూటిగా జవాబు చెప్పదగినవి, విభజించి చెప్పవలసినవి, ఎదురు ప్రశ్న వేయవలసినవి, పక్కన పెట్టవలసినవి. ఒక పత్రం నుంచి సమాచారం రాబట్టేటప్పుడు ఈ విభజన ఎంతో పనికొస్తుంది. పోచంపాడు దగ్గర గోదావరిపై ఉన్న శ్రీరాంసాగర్ జలాశయానికి పునాది ఎప్పుడు పడిందంటే 1963 అని సూటిగా చెప్పవచ్చు. దాని నిల్వ ఎంతంటే విభజించక తప్పదు. మొదట అది 112 టీఎంసీలు, పూడిక చేరాక సుమారు 80. ఏ కాలం నాటి అంకె కావాలో చెప్పకపోతే, వచ్చిన జవాబు నిజమైనా తప్పుదారి పట్టిస్తుంది. పసుపు గురించి చెప్పమంటే సాగా, ధరా, నిల్వా అని యంత్రమే తిరిగి అడగాలి. సందేహముంటే ముందు అడగమని ప్రాంప్ట్‌లో రాస్తే ఆ అవకాశం దానికి దక్కుతుంది. నాలుగో రకం ప్రశ్నలను బుద్ధుడు పక్కన పెట్టాడు. దుఃఖం తీరడానికి ఆ ప్రశ్నలు తోడ్పడవన్నది ఆయన ఉద్దేశం. పత్రంలో లేని సంగతిని కూడా, కారణం వేరైనా, ఊహించకుండా పక్కన పెట్టడమే సరైనది. లేనిదాన్ని లేదనే రాయమని ముందే చెప్పి ఉంచాలి.

వేదవాక్యాల అర్థాన్ని విచారించిన మీమాంసకులు ఆజ్ఞావాక్యాన్ని పరిశీలించి, అది మూడు అపేక్షలు తీర్చాలన్నారు: ఏది సాధించాలి, దేనితో, ఏ విధంగా. ఒక ప్రభుత్వ ఉత్తర్వును పసుపు రైతుకు అర్థమయ్యేలా మార్చమన్నప్పుడు రైతుకు తెలియడం సాధించవలసినది, ఆ ఉత్తర్వు ఒక్కటే సాధనం. షరతులు, గడువులు, మినహాయింపులు చెడకుండా చిన్న వాక్యాల్లో రాయడం విధానం. మూడోదాన్నే ఎక్కువగా మరిచిపోతారు. వాక్యం తేలికపడే తొందరలో మినహాయింపు జారిపోయిందంటే నష్టపోయేది రైతే.

పాఠాన్ని తిరగరాసేవారు ఎలా నడుచుకోవాలో కొలచల మల్లినాథసూరి కంటే స్పష్టంగా చెప్పినవారు అరుదు. మెదక్ జిల్లా కొల్చారానికి చెందిన ఈ వ్యాఖ్యాత కాళిదాసు కావ్యాలను అన్వయక్రమంలో వివరిస్తూ, మూలంలో ఆధారం లేనిది రాయననీ, అవసరం లేనిది చెప్పననీ ముందే ప్రకటించాడు. ఈ రెండు నియమాలూ ఏ ప్రాంప్ట్‌లోనైనా ఉండదగినవే. అయితే మల్లినాథుడు ఆ నియమాలను తనకు తాను విధించుకున్నాడు. యంత్రం అలాంటి వ్రతం పట్టలేదు. మూలంలో లేనిది చేర్చవద్దని రాసినా అప్పుడప్పుడు చేరుస్తుంది, అదీ సందేహం లేని స్వరంతో.

కాబట్టి ఆ వ్రతం అడిగేవారి మీదికి వస్తుంది. రాబట్టిన ప్రతి అంశం పక్కన అది మూలంలో ఏ వాక్యంలో ఉందో చూపమని అడగాలి. పేర్లు, తేదీలు, అంకెలు, షరతులు అన్నిటినీ మూలంతో పోల్చి చూసిన తర్వాతే ఆ పాఠాన్ని మరొకరి చేతిలో పెట్టాలి.