బాలికా సంఘములు – పెద్దల ధర్మము

మన సమాజముల వార్షికోత్సవములు వచ్చినపుడు ప్రార్థనాగీతము పాడుటకు, అతిథులపై పన్నీరు చిలుకుటకు, హారతి పళ్లెము పట్టుటకు బాలికలు కావలెను. ఆ బాలికలే వారమునకొకనాడు కూడుకొని, సంఘముగా ఏర్పడి, తమ పనులను తామే నిర్ణయించుకొందుమనినచో పెద్దలకు వెంటనే సందేహములు బయలుదేరును. ఒక్క పూట వేదికపై నిలుపుటకు లేని సంకోచము సంఘములో చేర్చుటకు ఎందుకు కలుగుచున్నది? ఈ విషయమున నాకు తోచిన నాలుగు మాటలు పాఠకులకు మనవి చేసికొందును.

కొన్ని నెలల క్రిందట మా బరంపురములో కొన్ని తెలుగు కుటుంబములవారు బాలికల కొరకొక యువజన సంఘము నెలకొల్పదలచిరి. పదుమూడేండ్ల మా మనుమరాలు, మా అమ్మాయి కూతురు, దరఖాస్తు కాగితము తెచ్చి నా చేతికిచ్చినది. దాని తండ్రి ఉద్యోగరీత్యా వేరొక ఊరనున్నాడు. గుమాస్తాగా జీవితమంతయు కాగితములు చదివినవాడను గనుక దానిని ఆసాంతము చదివితిని. పేరు, వయస్సు, తండ్రి పేరు, చిరునామా, చివరకు తండ్రి లేక సంరక్షకుని సంతకము. చేరబోవు పిల్ల సంతకమునకు మాత్రము చోటు లేదు. ఆమెకు చేరవలెనని ఉన్నదా యని ఆ కాగితము ఎక్కడను అడుగలేదు.

అప్పుడు నాకు 2003వ సంవత్సరము జ్ఞాపకమునకు వచ్చినది. నాడు ఉన్నత పాఠశాలలో చదువుచున్న మా అమ్మాయి, ఆదివారము సాయంకాలములందు పాటలు, నాటికలు నేర్చుకొను బాలికల బృందములో చేరుదునని అడిగెను. “పరీక్షలు దగ్గరకు వచ్చుచున్నవి, వలదు” అంటిని. నిజమునకు పరీక్షలు ఎనిమిది నెలల దూరమున నుండెను. నా మనస్సులోనిది నలుగురేమందురో అన్న జంకు మాత్రమే. పిల్ల మారు పలుకలేదు. ఆ మౌనమును వినయమనుకొని సంతోషించితిని.

ఇన్నాళ్లకు ఈ దరఖాస్తును చూచి ఆమె నాతో ఇట్లనినది: “నాన్నా, మీరు వద్దన్నందుకు నేను బాధపడలేదు. పరీక్షలని అబద్ధం చెప్పినందుకు బాధపడ్డాను. నేనేం తప్పు చేశానో అని ఆ ఏడాదంతా ఆలోచిస్తూనే ఉన్నాను.” నేను సమాధానము చెప్పలేకపోతిని.

ఆడపిల్లను కాపాడుట పెద్దల ధర్మమనుటలో సందేహము లేదు. కాని రక్షణకును భయమునకును భేదము కలదు. రక్షణ పిల్ల క్షేమమును గూర్చి విచారించును. భయము మన పరువును గూర్చి విచారించును. రెండును ఒకే వేషము వేసికొని వచ్చును గనుక గుర్తించుట కష్టము. అయితే ఒక గుర్తు నాకు కనబడుచున్నది. రక్షణ ప్రశ్నలడుగును: ఎక్కడ కూడుదురు, ఎవరు చూచుకొందురు, ఎన్ని గంటలకు ముగియును, ఇంటికెట్లు వచ్చెదవు? భయము ఏ ప్రశ్నయు వేయదు. “వలదు” అని తలుపు మూసివేయును. పైగా అసలు కారణము చెప్పుటకు సిగ్గుపడి మరియొక కారణమును కల్పించును. ఆనాడు నేను మా అమ్మాయిని ఒక్క ప్రశ్నయైనను అడుగలేదు.

1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభల సందర్భమున జరిగిన ఖద్దరు ప్రదర్శనశాల ద్వారమున స్వచ్ఛంద సేవికగా నిలిచిన బాలిక కథ మన ఇండ్లలో పలువురెరిగినదే. టిక్కెట్టు లేనందున జవహర్‌లాల్ నెహ్రూను సైతము ఆమె లోనికి పోనీయలేదు. ఆమెయే దుర్గాబాయి. అప్పటికామె వయస్సు సుమారు 14 ఏండ్లు. తరువాత 1937లో మద్రాసున ఆంధ్ర మహిళాసభను స్థాపించినదియు, రాజ్యాంగ సభలో సభ్యురాలైనదియు ఆమెయే. ఆ రాజ్యాంగములోని 19వ అధికరణము పౌరులకు సంఘములను ఏర్పరచుకొను స్వేచ్ఛను ప్రసాదించినది. మనమందరము ఆమె ధైర్యమునే పొగడుదుము. ఆ చిన్నపిల్లను నమ్మి ద్వారము నప్పగించిన పెద్దలను తలచువారు అరుదు. వారు నమ్మకున్నచో ఆ ధైర్యము వెల్లడియగుటకు తావెక్కడిది?

మనవంటి కుటుంబములకు మరియొక చిక్కు కలదు. 1936 ఏప్రిల్ 1న ఒడిషా రాష్ట్రమేర్పడినపుడు బరంపురము అందులో చేరినది. మన పిల్లలలో అనేకులు ఒడియాలోను ఇంగ్లీషులోను చదువుకొనుచున్నారు. తెలుగు ఇంటి మాటగా మిగిలినది. భాష జారిపోవుచున్నదను దిగులుచేత మనము తెలియకుండనే పని పంచిపెట్టితిమి: లోకము చూచుట మగపిల్లల వంతు, పాటలును ముగ్గులును భాషయు కాపాడుట ఆడపిల్లల వంతు. ఇది న్యాయము కాదు. బాలికల సంఘము మన సంస్కృతిని భద్రపరచు భోషాణము కారాదు. అందు తెలుగు నేర్పవలసినదే, ఆటలును ఆడనీయవలెను. చందాల లెక్క వారిచేతనే వ్రాయింపవలెను, సభను వారిచేతనే నడిపింపవలెను. తెలుగు నేర్చుకొను బాధ్యత మగపిల్లలకును సమానమే.

నమ్మకమనగా కన్నులు మూసికొనుట కాదు. బాధ్యతగల స్త్రీలు ఇరువురైనను దగ్గర నుండవలెను. వేళలు తల్లిదండ్రులకు తెలిసియుండవలెను. పిల్ల ఏదైన ఫిర్యాదు చెప్పినచో సమాజము పరువు పోవునని దానిని నొక్కివేయరాదు. పిల్లలపై జరుగు లైంగిక నేరములను గూర్చి 2012లో వచ్చిన చట్టము, అట్టి నేరము తెలిసియు అధికారులకు తెలుపకుండుటను కూడ నేరముగా నెంచుచున్నది. సమాజము ఈ బాధ్యతలను వహించినపుడు తల్లిదండ్రుల సందేహములలో న్యాయమైనవి తీరును. తీరక మిగిలినది భయమే. దానిని జయింపవలసినవారము మనము, పిల్లలు కారు.

దరఖాస్తును నేను వెంటనే సంతకము చేయలేదు. ముందు నా ప్రశ్నలడిగితిని. మనుమరాలు కొన్నింటికి తానే జవాబు చెప్పి, తక్కినవి కనుగొనివచ్చి చెప్పినది. ఒక సందేహము నాకు తీరలేదు. చీకటిపడిన తరువాత ఒంటరిగా రావలదని, నేనే వచ్చి తోడ్కొనివత్తునని ఉన్నమాట చెప్పితిని. అది ఒప్పుకొన్నది. పిదప నా సంతకమునకు పైన ఒక గీత గీచి, “ముందు నీవు చేయుము” అంటిని. పిల్ల ఒడియా లిపిలో తన పేరు వ్రాసి, “తెలుగులో రాయడం ఇంకా రాదు తాతయ్యా, అక్కడ నేర్పుతారట, అందుకే చేరతానన్నాను” అనినది.

ఇరువది సంవత్సరముల క్రిందట ఆ బృందములో ఏమి నేర్చుకొనదలచితివని మా అమ్మాయిని అడిగియున్నచో ఆమె ఏమి చెప్పియుండునో ఇక తెలిసికొనజాలను. ఈ సంచికను చదువు తండ్రులును తాతలును తమ పిల్లలను సకాలమున అడుగుదురుగాక యని నా ప్రార్థన.