మన పొదుపు ఎవరికోసం పనిచేస్తోంది?

సంపాదించే స్త్రీ చేతిలో ఆమె జీతం నిలుస్తోందా అని మనం చాలాకాలంగా అడుగుతున్నాం. అలా నిలిచిన డబ్బు ఆ తర్వాత ఎవరికోసం పనిచేస్తోందన్న ప్రశ్న మాత్రం మన చర్చల్లోకి అరుదుగానే వస్తుంది. జీతం పడే ఖాతాను బ్యాంకులోనే ఉంచి, పొదుపును స్త్రీల పొదుపు సహకార సంఘానికి మార్చుకున్నప్పటి నుంచీ ఆ ప్రశ్న నన్ను వదలడం లేదు.

బ్యాంకులో నేను ఖాతాదారుని. నా డబ్బు ఏ గనికి, ఏ భవంతికి అప్పుగా వెళ్ళిందో నాకు తెలియదు. సంఘంలో సభ్యురాలిని. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద నడిచే ఇలాంటి సంఘాల్లో వాటా ఎంతున్నా ఓటు ఒకటే. పాఠాలు చెప్పే నాకూ, కూరగాయలమ్మే ఆమెకూ సమానమైన మాట. 1974లో అహ్మదాబాదులో నాలుగువేల మంది శ్రామిక స్త్రీలు తలా పది రూపాయల వాటాతో సేవా బ్యాంకు పెట్టుకున్నది ఈ నమ్మకంతోనే. సంతకం రానివాళ్ళకు పాసుపుస్తకంలోని ఫోటోయే గుర్తింపయింది.

అయితే ఆడవాళ్ళ గుంపు అనగానే మంచిదేనని నమ్మలేం. సూక్ష్మరుణాల వసూళ్ళ ఒత్తిడికి ఆత్మహత్యలు జరిగి, 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. అక్కడా స్త్రీల గుంపులే. ఒకరికొకరు పూచీ పడ్డారు గానీ వడ్డీ ఎంతో, వాయిదా ఎప్పుడో నిర్ణయించింది వాళ్ళు కాదు. కట్టలేని స్త్రీ ఇంటిముందు తోటి స్త్రీలే కూర్చోవలసి వచ్చింది. నిర్ణయం చేతిలో లేనప్పుడు స్నేహం కూడా వసూలుకే పనికొస్తుంది.

సంఘంలో నిర్ణయం మాదే. కష్టమూ అక్కడే ఉంది. అర్జీ భార్య పేర, డబ్బు భర్త చేతికి అని అందరికీ తెలిసినప్పుడు ఏం చేయాలి? కాదంటే ఆ రాత్రి ఆమె ఇంట్లో ఏం జరుగుతుంది? అవునంటే మిగిలినవాళ్ళ కష్టార్జితం ఏమవుతుంది? బ్యాంకులో ఈ బాధ మేనేజరుది. ఇక్కడ అది నాది కూడా.

ఇంకో మాట దాచకూడదు. 2020 నుంచి బ్యాంకు డిపాజిట్లకు ఐదు లక్షల వరకూ బీమా ఉంది. సంఘంలోని పొదుపుకు అది వర్తించదు. నెల తిరిగేసరికి జీతం వచ్చే నేను ఈ రిస్కు భరించగలను. ఏ ఆధారమూ లేని స్త్రీకి నీ డబ్బంతా ఇక్కడే పెట్టమని చెప్పే హక్కు నాకు లేదు. అందుకే దీన్ని త్యాగమనో, ఆదర్శమనో అనలేను.

డబ్బు చోటు మారినంత మాత్రాన నేను మంచిదాన్నైపోలేదు. నా డబ్బు గురించి నన్ను నిలదీయగల స్త్రీలు మాత్రం ఇప్పుడు ఉన్నారు. వాళ్ళను నిలదీసే బాధ్యత నాకూ ఉంది. లెక్కలు నీకెందుకని తరతరాలుగా విన్నవాళ్ళం. మహాసభలో లెక్కల పుస్తకం అడిగి చదవడం మనకు చిన్న పని కాదు.