పరుల సొమ్ముకు కాపలా

వింజమూరు లాంటి మండల కేంద్రంలో ఒక చిన్న వ్యాపారం సాగాలంటే ఇవాళ రెండు మూడు కంప్యూటర్లు, ఒక రూటరు, ఒక ప్రింటరు, బిల్లుల సాఫ్ట్‌వేరు, గోడ మీద సీసీ కెమెరా తప్పనిసరి అయ్యాయి. వీటన్నిటినీ చూసుకునే మనిషి ఒకరుంటారు. యజమాని కొడుకు కావచ్చు, డిగ్రీ చదివి అక్కడే కుదిరిన కుర్రవాడు కావచ్చు, పిలిచినప్పుడు పక్క ఊరి నుంచి వచ్చి వెళ్లే టెక్నీషియన్ కావచ్చు. చుట్టుపక్కల మెట్ట గ్రామాల రైతు అడంగల్, 1బి తీయించుకోవడానికి, ఇల్లాలు బియ్యం కార్డులో బిడ్డ పేరు చేర్పించడానికి, విద్యార్థి దరఖాస్తు పెట్టుకోవడానికి నెట్ సెంటరుకే వస్తారు. ఆధార్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకం, ఫోనుకు వచ్చిన ఓటీపీ, అన్నీ ఆ బల్ల ముందు బయటపెడతారు. పని అయ్యాక కాగితాలు తీసుకుని ఊరికి వెళ్లిపోతారు. వాటి నకళ్లు మాత్రం కంప్యూటర్‌లో ఉండిపోతాయి. ఆ నకళ్లు ఎవరివి? వాటిని చేతిలో ఉంచుకున్నవాడు ఏమరుపాటుగా ఉంటే, ఎవరికీ ఏ నష్టమూ జరగకపోయినా, అది తప్పవుతుందా? మూలంలో ఇది ధర్మానికి సంబంధించిన ప్రశ్న. అవి దాచమని ఇచ్చిన పరుల సొమ్ము అనీ, నష్టం జరిగే దాకా ఆగకుండా ఏమరుపాటు దగ్గరే దోషం మొదలవుతుందనీ నా వాదన.

పరుల సొమ్మును దాచేవాడి ధర్మం గురించి మన పెద్దలు చాలా లోతుగా ఆలోచించారు. యాజ్ఞవల్క్య స్మృతి వ్యవహారాధ్యాయంలో ఉపనిధి ప్రకరణం ఉంది. లోపల ఏముందో చెప్పకుండా, పెట్టెలో మూసి, మరొకరి చేతికి దాచమని ఇచ్చిన వస్తువు ఉపనిధి. దాన్ని ఎలా ఇచ్చారో అలాగే తిరిగి ఇవ్వాలని నియమం. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర దేశంలో ఎక్కువ భాగానికి శతాబ్దాల పాటు న్యాయగ్రంథంగా నిలిచింది. 13వ శతాబ్దంలో దాన్ని విజ్ఞానేశ్వరీయంగా తెలుగు చేసిన కేతన నెల్లూరు సీమకు దగ్గరివాడే. తన దశకుమార చరిత్రను నెల్లూరు ప్రభువు మనుమసిద్ధి మంత్రి అయిన తిక్కనకు అంకితమిచ్చాడు. ఉపనిధి నియమంలో గమనించవలసిన సంగతి ఒకటుంది. పెట్టెలో ఉన్నది బంగారమా, గవ్వలా అన్నది దాచేవాడికి తెలియదు. అయినా అతని బాధ్యతలో రవ్వంత తగ్గదు. అంటే ఆ బాధ్యత వస్తువు విలువ నుంచి పుట్టలేదు, ఇచ్చినవాడు పెట్టుకున్న నమ్మకం నుంచి పుట్టింది. నెట్ సెంటరులో జరిగేదీ ఇదే. ఆధార్ నకలుతో ఎక్కడ ఏ ఖాతా తెరవవచ్చో, ఏ అప్పు తీయవచ్చో ఇచ్చిన రైతుకు తెలియదు, తీసుకున్న కుర్రవాడికీ పూర్తిగా తెలియదు. ఆ తెలియకపోవడం కుర్రవాడి బాధ్యతను రైతు మీదికి నెట్టదు.

దాచినదాన్ని దొంగలు ఎత్తుకుపోతే? రాజు లాక్కుంటే? వరదలో కొట్టుకుపోతే? అప్పుడు దాచినవాడు కట్టనక్కరలేదని యాజ్ఞవల్క్యుడు మినహాయింపు ఇచ్చాడు. నారద స్మృతిలో నారదుడు దానికి ఒక కొలత చేర్చాడు. దాచినవాడి సొంత సొమ్ముతో పాటు ఇదీ పోతే ఆ నష్టం ఇచ్చినవాడిదే, అందులో మోసం లేకపోతే. ఇంత సూటి కొలత మరొకటి ఉండదు. నీ సొమ్మును ఎలా కాచుకున్నావో దీన్నీ అలాగే కాచావా అన్నదే పరీక్ష. చిన్న వ్యాపారాల్లో ఈ పరీక్షకు నిలిచేవి ఎన్ని? గల్లాపెట్టెకు తాళం ఉంటుంది, తాళంచెవి యజమాని మొలతాడును వదలదు. అదే దుకాణంలో రూటరుకు కంపెనీ వాడు పెట్టిన పాస్‌వర్డే ఏళ్ల తరబడి ఉంటుంది. వైఫై పాస్‌వర్డు వచ్చిన ప్రతి వినియోగదారుడికీ చెబుతారు, అదే నెట్‌వర్కులో బిల్లుల కంప్యూటరూ ఉంటుంది. సొంత లెక్కలను రోజూ పెన్‌డ్రైవులోకి ఎక్కించుకుంటారు. ఊరి వాళ్ల ఆధార్ నకళ్లు డెస్క్‌టాప్ మీద ఎవరికైనా కనిపించేలా పడి ఉంటాయి. తన సొమ్ముకొక కాపలా, పరుల సొమ్ముకొక కాపలా. నారదుడి కొలతతో చూస్తే దొంగతనం జరగకముందే ఇక్కడ దోషం ఉంది.

దొంగల పేరు చెప్పి తప్పించుకోవడం ఎంత కష్టమో ఇటీవలి చరిత్ర చూపించింది. 2017 మే 12న వానాక్రై అనే వైరస్ ప్రపంచమంతా వ్యాపించి, కంప్యూటర్లలో ఉన్న ఫైళ్లకు తాళం వేసి, తీయడానికి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. అది దూరిన కన్నాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందు, మార్చిలోనే ఇచ్చింది. అప్‌డేట్ వేసుకున్న కంప్యూటరులోకి ఆ కన్నం గుండా అది రాలేకపోయింది. 2022 జనవరిలో హైదరాబాదులోని మహేశ్ సహకార బ్యాంకు నుంచి దొంగలు 12 కోట్ల రూపాయలకు పైగా తరలించుకుపోయారు. ఉద్యోగులకు వచ్చిన మోసపు ఈమెయిళ్ల ద్వారా దొంగలు లోపలికి దూరారనీ, రక్షణ ఏర్పాట్లు చాలలేదనీ పోలీసు దర్యాప్తు తేల్చింది. 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుకు 65 లక్షల రూపాయల జరిమానా వేసింది. దొంగ దొంగే, అతని పాపం అతనిదే. అయితే తలుపు తీసిపెట్టినవాడి పాపం దాంతో కడుక్కుపోదు. దైవం సంగతీ అంతే. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చింది, ఆ నీళ్లను ఎవరూ ఆపలేరు. కానీ తాకట్టు లెక్కలూ చీటీల లెక్కలూ ఒకే ఒక్క కంప్యూటరులో ఉంచి, అది తడిసిపోయాక దైవాన్ని తలుచుకుంటే దైవం ఏం చేస్తుంది? మూడు నకళ్లు, రెండు రకాల పరికరాల్లో, ఒకటి వేరే చోట ఉండాలన్నది ఈ వృత్తిలో అందరూ ఒప్పుకున్న సూత్రం. అది పాటించినవాడికే దైవాన్ని సాకుగా చూపే అర్హత ఉంటుంది.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ రావచ్చు. బంగారం పోతే ఇచ్చినవాడికి లేకుండా పోతుంది. నకలు పోతే ఆధార్ కార్డు రైతు జేబులోనే ఉంటుంది కదా, మరి పోయిందేమిటి? పోయింది గోప్యత. మూసిన పెట్టెను ఇచ్చినట్టే తిరిగి ఇవ్వమన్నారంటే, మూత తీయకుండా ఇవ్వమనే కదా అర్థం. బంగారం పోతే దానికి సరిపడా బంగారం కొని ఇవ్వవచ్చు. ఒక ఆడపిల్ల ఫోన్ నంబరు, ఫోటో పదిమంది చేతుల్లో పడ్డాక వాటిని తిరిగి దాచడం ఎవరి తరమూ కాదు. సీసీ కెమెరా రికార్డూ అంతే. బదులు తీర్చలేని సొమ్మును దాచేవాడికి బాధ్యత పెరుగుతుందే కాని తగ్గదు.

మరో ఆక్షేపణ టెక్నీషియన్ వైపు నుంచి వస్తుంది. నేను కూలికి పనిచేసేవాణ్ణి, సొమ్ము పెట్టుకున్నది యజమాని, నాకేమిటి సంబంధం అంటాడు. యాజ్ఞవల్క్యుడు దీనికీ దారి మూసేశాడు. దాచుకున్నవాడు మళ్లీ ఇంకొకరి చేతిలో పెట్టిన సొమ్ముకు కూడా ఇదే విధి అన్నాడు. అడ్మిన్ పాస్‌వర్డు తెలిసినవాడు, దూరం నుంచి ఎనీడెస్క్‌లో దుకాణం కంప్యూటరు తెరవగలిగినవాడు యజమాని కంటే ఎక్కువ చూడగలడు. చూడగలిగినంత మేరా కాపలాదారే. ఇక దాచిన సొమ్మును తన ఇష్టప్రకారం వాడుకుని బతికేవాడికి శిక్ష వేసి, వచ్చిన లాభంతో సహా కట్టించాలని అదే ప్రకరణం చెబుతుంది. దరఖాస్తు కోసం ఇచ్చిన ఫోన్ నంబర్లను ప్రకటనలకు వాడుకునేవాళ్లు, జాబితాలు కట్టి అమ్ముకునేవాళ్లు ఈ మాటను తమకే చెప్పినట్టు వినాలి.

చిన్న వ్యాపారికి ఇవన్నీ భారం కావా అంటే, న్యాయమైన ప్రశ్నే. పెద్ద కంపెనీల మాదిరి రక్షణ కొనమని ఎవరూ అడగడం లేదు. రూటరు పాస్‌వర్డు మార్చడానికి, వినియోగదారులకు వేరే వైఫై పెట్టడానికి, పనివాళ్లకు ఎవరి లాగిన్ వాళ్లకు ఇవ్వడానికి, మానేసిన వాళ్ల లాగిన్ ఆ రోజే తీసేయడానికి, అప్‌డేట్లు ఆపకుండా ఉండడానికి డబ్బు అక్కరలేదు, శ్రద్ధ కావాలి. అన్నిటికన్నా చవకైన ఉపాయం, అవసరం లేనిది దాచుకోకపోవడం. దరఖాస్తు వెళ్లగానే నకలు తుడిచేస్తే కాపలా కాయవలసిన పనే ఉండదు. మోయలేని ధర్మాన్ని ఎవరూ మోపడం లేదు. మోయగలిగినది వదిలేయడమే ఇక్కడ ప్రశ్న.

దీనికి చట్టం ఉంది కదా, ధర్మం ఎందుకు అని కొందరు అడుగుతారు. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. రక్షణ ఏర్పాట్లలో లోపానికి 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేసే వీలు అందులో ఉంది. మంచిదే. కానీ చట్టం నష్టం బయటపడ్డాక, ఎవరైనా గొంతు విప్పాక కదులుతుంది. తన నకలు ఎక్కడుందో తెలియని మనిషి ఎవరి మీద ఫిర్యాదు చేస్తాడు? 2022 మేలో ఆధార్ సంస్థ తరఫున వచ్చి, రెండు రోజుల్లోనే వెనక్కి పోయిన ఒక ప్రకటన, నెట్ సెంటర్లో ఆధార్ దించుకుంటే ఆ కాపీలను పూర్తిగా తుడిచేలా చూసుకోమని ప్రజలకే చెప్పింది. మౌస్ పట్టుకోవడం రాని వృద్ధురాలు అది చూసుకోగలదా? ఆమె చూడలేని చోట నిలబడేది కాపలాదారు అంతఃకరణం ఒక్కటే. స్మృతుల్లో కులాన్ని బట్టి శిక్షలు మార్చిన చోట్లున్నాయి, వాటిని ఎందుకు ప్రమాణంగా తీసుకోవాలి అన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. ఆ భాగాలు త్యజించవలసినవే. ఉపనిధి నియమాన్ని గ్రంథం పేరు చూసి కాక, బుద్ధికి నిలబడింది కాబట్టి తీసుకుంటున్నాం. ఈ నియమం స్మృతులకే పరిమితం కాదు. అనుమసముద్రంపేట దర్గాకు వెళ్లే భక్తుడికి అమానత్, అంటే నమ్మి దాచమని ఇచ్చిన సొమ్ము, ఏమిటో ఎవరూ వివరించనక్కరలేదు. దాచమని ఇచ్చినవి సొంతదారులకు చేర్చమని ఖురాన్ కూడా ఆదేశించింది. రెండు వేర్వేరు దారుల్లో నడిచిన ధర్మాలు ఒకే చోట కలిశాయంటే, మనిషి మనిషిని నమ్మి బతకడానికి ఈ నియమం ఎంత అవసరమో తెలుస్తుంది.

వింజమూరులో, ఉదయగిరిలో, ఆత్మకూరులో కంప్యూటర్ల ముందు కూర్చున్న యువతీయువకులారా, మీ పనిని చిన్నదనుకోకండి. ఒకనాడు ఊరంతా నమ్మిన పెద్దమనిషి ఇంట్లో ఉండే సొమ్ము ఇవాళ మీ యంత్రాల్లో ఉంది. ఈ సాయంత్రం దుకాణం మూసే ముందు డౌన్‌లోడ్స్ ఫోల్డరు తెరవండి. పని తీరిపోయిన ప్రతి నకలునూ తుడిచేయండి, రీసైకిల్ బిన్‌తో సహా. రూటరు పాస్‌వర్డు మార్చండి. రేపటి నుంచి ఎవరి కాగితం చేతిలోకి తీసుకున్నా, మీ సొంత కాగితానికి ఇచ్చేంత కాపలా దానికీ ఇవ్వండి.