దేవుడిచ్చిన రూపాన్ని మార్చుకోవచ్చా? సర్జరీకి ముందు మూడు ప్రశ్నలు

 

పోయిన వారం వీడియోలో తిరుమల కల్యాణకట్ట గురించి, నీలాదేవి కథ గురించి చెప్పుకున్నాం కదా. అప్పుడు టైమ్ చాలక ఒక విషయం పక్కన పెట్టాను. అది రెండు నిమిషాల్లో తేలేది కాదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. ముక్కు సరిచేయించుకోవడం, జుట్టు నాటించుకోవడం, కొవ్వు తీయించుకోవడం లాంటి అందం సర్జరీలు ఒకప్పుడు సినిమావాళ్ళవి అనుకునేవాళ్ళం. ఇప్పుడు తిరుపతి రోడ్ల మీద కూడా హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ బోర్డులు కనిపిస్తున్నాయి. భక్తి ఉన్నవాళ్ళు ఇవి చేయించుకోవచ్చా? దేవుడిచ్చిన రూపాన్ని కాదన్నట్టు అవుతుందా?

ఇది నాకు ఊరికే వచ్చిన సందేహం కాదు. నాకు 28 ఏళ్ళు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండేళ్ళుగా నుదురు పెద్దదవుతూ పోతోంది. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. అదే సమయంలో పుత్తూరులో ఉండే మా చిన్నమ్మ కూతురు ఫోన్ చేసింది. రెండు సంబంధాలు వచ్చి వెనక్కి పోయాయి. ముక్కు గురించి ఎవరో ఏదో అన్నారని ఆ పిల్ల చెవిన పడింది. "అన్నా, చెన్నైలో ఆపరేషన్ చేస్తారంట. చేయించుకుంటే పాపమా?" అని అడిగింది. ఇద్దరిదీ ఒకటే ప్రశ్న అని నాకు అప్పుడు అనిపించింది.

ముందు పాపం సంగతి తేల్చుకుందాం.

పెద్దలు చెప్పే స్థలపురాణం మీకు తెలిసిందే. పుట్టలో ఉన్న స్వామికి ఆవు పాలు ధారపోస్తుంటే, పశువుల కాపరి విసిరిన గొడ్డలి స్వామి తలకు తగిలింది. దెబ్బ తగిలిన చోట జుట్టు పోయింది. గంధర్వ కన్య నీలాదేవి అది చూడలేక తన కురులు కోసి అక్కడ అతికించింది. భక్తులిచ్చే తలనీలాలన్నీ ఆమెకే చెందుతాయని స్వామి వరమిచ్చాడు. ఏడు కొండల్లో నీలాద్రి ఆమె పేరు మీదే ఉంది. అంటే పోయిన జుట్టును మళ్ళీ పెట్టించుకోవడం మన కొండ కథలోనే ఉంది. భాగవతంలో మూడు వంకరలున్న కుబ్జను కృష్ణుడు తన చేత్తోనే నిటారుగా చేశాడు. "ఇది నీ కర్మ, ఇలాగే ఉండు" అనలేదు. ఇక వైద్యం వైపు చూస్తే, తెగిన ముక్కును చర్మంతో తిరిగి కట్టే పద్ధతి సుశ్రుత సంహితలోనే ఉంది. 1794లో ఒక లండన్ పత్రిక పూనా దగ్గర జరిగిన అలాంటి ఆపరేషన్ గురించి రాసింది. దాని ఆధారంగా 1814లో కార్ప్యూ అనే ఇంగ్లీషు డాక్టరు లండన్‌లో చేసి చూపించాడు. కాబట్టి ఇది మన సంస్కృతికి పరాయిది అనే వాదన నిలబడదు.

మన చిత్తూరుకి దగ్గరలోనే ఇంకో ఉదాహరణ ఉంది. వెల్లూరు సీఎంసీలో 1940ల చివర్లో డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల వంకరపోయిన వేళ్ళకి సర్జరీలు మొదలుపెట్టారు. చేతులు బాగుపడినా చాలామందిని ఊళ్ళో పనికి పిలిచేవాళ్ళు కాదు. కారణం ముఖం మీద మిగిలిన గుర్తులు. అందుకని కుంగిపోయిన ముక్కులు, రాలిపోయిన కనుబొమలు కూడా సరిచేశారు. కనుబొమ లేకపోతే ప్రాణం పోదు. కానీ అది లేనందువల్ల ఒక మనిషికి కూలి దొరకకపోతే, దాన్ని ఉత్త సోకు అని కొట్టిపారేయగలమా?

అయితే అదే తిరుమలలో రెండో కథ కూడా ఉంది. రామానుజుల శిష్యుడు అనంతాళ్వార్ పూలతోట కోసం చెరువు తవ్వుతుంటే, గర్భవతి అయిన ఆయన భార్యకి సాయం చేయడానికి స్వామి చిన్నపిల్లవాడిగా వచ్చాడు. తన సేవకి అడ్డొస్తున్నాడని అనంతాళ్వార్ కోపంతో గునపం విసిరితే పిల్లవాడి గడ్డానికి తగిలింది. తర్వాత చూస్తే గర్భగుడిలో స్వామి గడ్డం నుంచి రక్తం. అప్పటినుంచి స్వామి గడ్డానికి పచ్చకర్పూరం పెడుతున్నారు. ఆ గునపాన్ని మహాద్వారం దగ్గర ఇప్పటికీ చూడొచ్చు.

ఒకే స్వామికి రెండు గాయాలు. తల మీది గాయాన్ని నీలాదేవి పూడ్చింది. గడ్డం మీది గాయం మాత్రం అలంకారమై మన కళ్ళ ముందే ఉంది. ఈ రెండు కథలు పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అర్థమైంది ఇది: రూపాన్ని మార్చుకోవడం దానంతట అది తప్పూ కాదు, గొప్పా కాదు. ఏ గాయాన్ని పూడ్చుకోవాలి, దేనితో కలిసి బతకాలి అనేది వివేకంతో తేల్చుకోవాల్సిన విషయం. ఆ వివేకం కోసం నేను మూడు ప్రశ్నలు రాసుకున్నాను.

మొదటిది: ఎవరి కోసం?

నారదుడి కథ గుర్తుందా? ఒక రాజకుమారి స్వయంవరానికి వెళ్తూ "నాకు హరి రూపం ఇవ్వు" అని విష్ణువును అడిగాడు. హరి అంటే కోతి అనే అర్థం కూడా ఉంది. ఆ ముఖంతోనే సభలో కూర్చున్నాడు, అందరూ నవ్వారు. ఆయన అడిగిన ముఖం తన కోసం కాదు, స్వయంవరంలో గెలవడం కోసం. మన పెళ్ళిచూపుల్లో జరిగేది దీనికి పెద్ద దూరం కాదు.

ఆర్తీ అగర్వాల్ గారిని మనం మర్చిపోలేం. 2001లో 'నువ్వు నాకు నచ్చావ్', 2002లో 'ఇంద్ర'. మా వయసువాళ్ళం టీవీలో ఆ సినిమాలు చూస్తూ పెరిగాం. 2015 జూన్ 6న అమెరికాలోని న్యూజెర్సీలో 31 ఏళ్ళకే ఆమె చనిపోయారు. అంతకు కొన్ని వారాల ముందు లైపోసక్షన్ సర్జరీ చేయించుకున్నారని, ఆ తర్వాత శ్వాస ఇబ్బందితో బాధపడ్డారని అప్పుడు వార్తలొచ్చాయి. ఆమె నిర్ణయం మీద తీర్పు చెప్పే హక్కు నాకు లేదు. కానీ హీరోయిన్ కాస్త లావైతే థియేటర్లో కామెంట్ చేసేది ఎవరు? మనమే. ఒక మనిషి కత్తి కిందకి వెళ్ళడంలో చూసేవాళ్ళ నోటికి ఎంత వాటా ఉందో మనం ఎప్పుడూ లెక్క వేయం.

మా చెల్లెల్ని నేను ఒక్కటే అడిగాను: "పెళ్ళి మాట పక్కన పెట్టు. ఊళ్ళో ఎవ్వరూ చూడరు అనుకో. అప్పుడు కూడా ఈ ముక్కు నీకు ఇబ్బందేనా?" వెంటనే ఏమీ చెప్పలేదు. రెండు రోజుల తర్వాత ఫోన్ చేసి, "అన్నా, నాకు కష్టం ముక్కు గాదు. వాళ్ళ ముందర పోయి కూర్చోవడం కష్టం" అంది. ఆ కష్టానికి ఏ సర్జన్ దగ్గరా మందు లేదు. సర్జరీ వద్దని నేను అనలేదు, తనూ అనలేదు. ఒక ఏడాది ఆగి, అప్పటికీ కావాలనిపిస్తే చూద్దామనుకుంది. అప్పుడు కావాలంటే అది తన నిర్ణయం అవుతుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. కొందరికి చిన్న లోపం, ఒక్కోసారి ఎదుటివాళ్ళకి కనిపించని లోపం, రోజంతా తలలో తిరుగుతూ ఉంటుంది. గంటలు గంటలు అద్దం ముందు పోతాయి. దీన్ని వైద్యులు బాడీ డిస్‌మార్ఫిక్ డిజార్డర్ అంటారు. వీళ్ళకి సర్జరీ చేసినా చాలావరకు తృప్తి రాదు, బాధ ఇంకో చోటికి మారుతుంది. మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్తే సాయం దొరుకుతుంది, అందులో సిగ్గుపడేది ఏమీ లేదు.

రెండోది: ఎవరి చేత?

మా వైపు చెయ్యి విరిగితే పుత్తూరు కట్టు అంటారు. ఎందుకంత నమ్మకం అంటే, ఎవరి చెయ్యి అనేది తరతరాలుగా జనానికి తెలుసు. కట్టు కట్టించుకోవడానికే అంత విచారించే మనం, ముఖం మీద కత్తి పెట్టించుకోవడానికి ఒక రీల్ చూసి అడ్వాన్స్ కట్టేస్తున్నాం.

2022 సెప్టెంబరులో నేషనల్ మెడికల్ కమిషన్ ఈ సర్జరీలు, హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్లు ఎవరు చేయాలో మార్గదర్శకాలు ఇచ్చింది. ప్లాస్టిక్ సర్జరీలో లేదా చర్మవైద్యంలో పీజీ చదివి, అందులో సరైన శిక్షణ పొందిన డాక్టర్లే చేయాలని దాని సారాంశం. వర్క్‌షాపులో చూసో, యూట్యూబ్‌లో చూసో నేర్చుకున్నది శిక్షణ కాదని కూడా అందులో ఉంది. యూట్యూబ్ ఛానల్ నడిపే మనిషిగా నేను దీన్ని రెండుసార్లు చదివాను. మా మాటలు విని దణ్ణం పెట్టుకోండి, పాట నేర్చుకోండి. వైద్యం మాత్రం చదువుకున్న డాక్టరు దగ్గరే.

నా జుట్టు కోసం ఒక చర్మవైద్యురాలిని కలిశాను. ఆవిడ అరగంట కూర్చోబెట్టి వివరంగా చెప్పారు. ట్రాన్స్‌ప్లాంట్ అంటే కొత్త జుట్టు పుట్టించడం కాదు. తల వెనక భాగంలోని కుదుళ్ళు తీసి ముందు నాటడం. వెనక ఉన్న నిల్వకి ఒక లెక్క ఉంది, తీసినచోట మళ్ళీ రాదు. నాటిన వెంట్రుకలు మొదటి వారాల్లో రాలిపోయి కొన్ని నెలల తర్వాత మొలుస్తాయి, పూర్తి ఫలితం తెలియడానికి ఏడాది దాకా పడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, జుట్టు ఇంకా రాలుతున్న వయసులో తొందరపడి నాటిస్తే, నాటింది ముందు మిగిలి దాని వెనక ఖాళీ పడొచ్చు. ఇవేవీ బోర్డుల మీద ఉండవు.

మిగతా సర్జరీలూ అంతే. లైపోసక్షన్ బరువు తగ్గించే వైద్యం కాదు. ఒక్కో చోట పేరుకున్న కొవ్వు తీసే ఆపరేషన్. రక్తం గడ్డకట్టడం, కొవ్వు రక్తంలోకి చేరడం లాంటి ప్రమాదాలు అరుదైనా, వస్తే ప్రాణాంతకం. ముక్కు సర్జరీలో వాపు పూర్తిగా తగ్గి అసలు ఆకారం తెలియడానికి ఏడాది పట్టొచ్చు, కొందరికి రెండోసారి చేయాల్సి వస్తుంది.

మా ఆఫీసులో చిన్న మార్పు చేయాలన్నా ఇంకొకరు రివ్యూ చేయాలి, తేడా వస్తే పాతదానికి ఎలా వెళ్తామో ముందే రాసిపెట్టాలి. శరీరానికి ఆ వెనక్కి వెళ్ళే దారి లేదు. కాబట్టి డాక్టర్ని నేరుగా అడగండి: మీ డిగ్రీ ఏంటి, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఎంత? సర్జరీ మొదటినుంచి చివరిదాకా చేసేది మీరేనా? మత్తు ఇచ్చే డాక్టరు పక్కనే ఉంటారా? ఏదైనా జరిగితే ఏ ఆసుపత్రికి, ఎంతసేపట్లో తీసుకెళ్తారు? మీరు చేసినవాటిలో ఏమేం వికటించాయి? ఈ ప్రశ్నలకి విసుక్కునే చోట, "ఈరోజు కడితే డిస్కౌంట్" అనే చోట చేయించుకోవద్దు. ఇంకో డాక్టరు అభిప్రాయం కూడా తీసుకోండి. మంచి డాక్టర్లు ఒక్కోసారి "మీకు ఇది అవసరం లేదు" అని చెప్పి పంపిస్తారు.

మూడోది: ఎవరికి చెప్పి?

నాకు అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఇదే.

2016లో హైదరాబాద్‌లో ఒక యువ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఇంట్లో చెప్పకుండా ఎత్తు పెరిగే సర్జరీ చేయించుకున్నాడు. కాళ్ళ ఎముకలు కోసి, ఫ్రేమ్ బిగించి, రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున సాగదీసే పద్ధతి అది. కొడుకు కనిపించక తల్లిదండ్రులు వెతుక్కుంటే ఆసుపత్రి మంచం మీద దొరికాడు. తర్వాత ఆ డాక్టర్ని తెలంగాణ మెడికల్ కౌన్సిల్ రెండేళ్ళు సస్పెండ్ చేసింది. 2024 ఫిబ్రవరిలో అదే హైదరాబాద్‌లో, పెళ్ళి కుదిరిన 28 ఏళ్ళ అబ్బాయి నవ్వు అందంగా రావాలని పళ్ళకి స్మైల్ డిజైనింగ్ కోసం వెళ్ళి ప్రాణం పోగొట్టుకున్నాడు. మత్తుమందు ఎక్కువైందని తండ్రి పోలీసులకి ఫిర్యాదు చేశారు. వెళ్తున్నట్టు ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ వార్త చదివిన రోజు, నాదీ అదే ఈడు అనే ఆలోచన నన్ను వదల్లేదు.

ఈ ఇద్దరూ చెడ్డ పని ఏమీ చేయలేదు. మరి ఎందుకు దాచారు? "నవ్వుతారేమో, తిడతారేమో" అని. దాచినప్పుడు ఏం పోతుందంటే, మనకున్న అలర్జీ గుర్తుచేసే అమ్మ పక్కన ఉండదు, డాక్టర్ని అనుమానంగా నాలుగు ప్రశ్నలు అడిగే మామ ఉండడు, "ఇంకో నెల ఆగరా" అనే స్నేహితుడు ఉండడు. తల గుండు చేయించుకునేటప్పుడు కొండకి ఊరంతా చెప్పి వెళ్తాం. అదే తల మీద జుట్టు పెట్టించుకోవడానికి ఒక్కరికీ చెప్పకుండా వెళ్తాం. సిగ్గుతో ఒంటరిగా తీసుకున్న నిర్ణయంలో మన ఇష్టం ఎంతో, మన భయం ఎంతో మనకే తెలియదు.

నేను మా అమ్మకి చెప్పాను. డాక్టరమ్మ చెప్పిందంతా వివరించాను. విని అమ్మ అంది, "ఏం నాయనా, దీనికేనా ఇంత ఆలోచన చేస్తా ఉండావు? మీ నాయనకి ముప్పైకే బట్టతల. నేనేమన్నా ఇడిసిపెట్టి పోయినానా?" కాసేపటికి మళ్ళీ తనే, "నీకు అంతగా కావల్లంటే చేయించుకో, కానీ నేనూ కూడా వస్తా" అంది. ప్రస్తుతానికి మందులు వాడుతున్నాను. ఒకరోజు నాటించుకుంటానో లేదో తర్వాత చూస్తాను. కానీ ఆ మాట విన్నాక తొందర మాత్రం పోయింది.

అందుకే తల్లిదండ్రులకి, అన్నలకి, అక్కలకి ఒక విన్నపం. పిల్లలు ఇలాంటి మాట ఎత్తినప్పుడు నవ్వకండి, "దేవుడిచ్చిన ముఖాన్ని మారుస్తావా" అని దేవుణ్ణి అడ్డం పెట్టకండి. మీ దగ్గర మాట చెల్లకపోతే వాళ్ళు చెప్పకుండా వెళ్ళిపోతారు. సంబంధం చూడ్డానికి వెళ్ళేవాళ్ళకి ఇంకో విన్నపం. నచ్చకపోతే "జాతకం కుదరలేదు" అని మర్యాదగా తప్పుకోండి. ఒక పిల్ల ముక్కు గురించి, ఒక పిల్లవాడి జుట్టు గురించి మీరు వదిలిన ఒక్క మాట వాళ్ళని ఎంతవరకు తీసుకెళ్తుందో మీకు తెలియదు.

సర్జరీకి సిద్ధపడుతున్నవాళ్ళు, ఈ మూడు ప్రశ్నలకీ జవాబులు కాగితం మీద రాసి ఇంట్లో మీరు నమ్మే ఒక్కరికైనా చూపించండి. చూపించగలిగితే ధైర్యంగా ముందుకెళ్ళండి, స్వామికి దణ్ణం పెట్టుకుని వెళ్ళండి. చూపించలేకపోతే ఇంకొన్నాళ్ళు ఆగండి. ఆగినందువల్ల ముఖానికి ఏమీ కాదు.

వచ్చే వారం తిరుచానూరు అమ్మవారి గురించి వీడియోలో కలుద్దాం. అందరూ క్షేమంగా ఉండాలి. గోవిందా గోవింద!